రినైజాన్స్ కళలో అసలు ఏం మారింది? చూసేవాడికి ఒక చోటు దొరికింది

ప్రశ్న ఇది: "పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రినైజాన్స్ కళ అనగానే లియొనార్డో, మైకెలాంజెలో, రఫాయెల్ అని పేర్లు బట్టీ పట్టాను. ఆ కాలంలో అసలు ఏం మారింది, ఇటలీలోనే ఎందుకు మారింది, దాని ప్రభావం మన దాకా వచ్చిందా అన్నది మాత్రం అర్థం కాలేదు. బొమ్మలు నిజంలా వెయ్యడం నేర్చుకున్నారు, అంతేనా?"

అంతే కాదండి. రినైజాన్స్ అంటే సుమారు 14 నుంచి 16వ శతాబ్దం దాకా యూరప్‌లో సాగిన సాంస్కృతిక పునరుజ్జీవనం. పెయింటింగ్ విద్యార్థులకు ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవారు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

'నిజంలా వెయ్యడం' అన్నది సగమే నిజం. అంతకుముందు వేసినవాళ్లకు బొమ్మ వెయ్యడం రాదనుకుంటే పొరపాటు. బంగారు రేకు అద్దిన చెక్క మీద మేరీమాతను వేసిన బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) చిత్రకారుడి గీత ఎంత నిబ్బరంగా ఉంటుందో దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. వాళ్లకు కావలసింది వేరు. వాళ్ల బొమ్మ దేవుడి లోకం. అక్కడ ఎండ కాయదు, నీడ పడదు, దగ్గర దూరం అన్న తేడా లేదు. ముఖ్యమైనవారు పెద్దగా ఉంటారు, మిగతావారు చిన్నగా ఉంటారు. ఆ బొమ్మను మీరు ఎక్కణ్ణుంచి చూసినా ఒకటే.

15వ శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్‌లో మారింది సరిగ్గా ఇదే. బొమ్మ ముందు నిలబడ్డ మనిషికి ఒక చోటు దొరికింది. నువ్వు ఇక్కడ నిలబడు, నీ కన్ను ఇంత ఎత్తులో ఉంది కాబట్టి నీకు ఇలా కనపడుతుంది అని బొమ్మే చెప్పడం మొదలుపెట్టింది. రినైజాన్స్ కళకు గుండెకాయ ఇదేనని నా నమ్మకం.

ఒక్క బొమ్మ దగ్గర కాసేపు ఆగుదాం. ఫ్లోరెన్స్ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే సాంతా మరియా నొవెల్లా అనే చర్చి ఉంది. లోపల ఎడమవైపు గోడ మీద మసాచ్చో వేసిన 'ట్రినిటీ' కనపడుతుంది. సుమారు 1427 నాటిది. ఎత్తు ఆరున్నర మీటర్లకు పైమాటే. సిలువ మీద క్రీస్తు, ఆయన వెనక తండ్రి దేవుడు, ఇద్దరి మధ్య తెల్ల పావురంగా పరిశుద్ధాత్మ. సిలువ కింద ఒకవైపు మేరీ, ఇంకోవైపు యోహాను. వాళ్లకంటే ఒక మెట్టు కింద, స్తంభాలకు బయట, మోకాళ్ల మీద కూర్చున్న భార్యాభర్తలు. ఆ బొమ్మ వేయించినవాళ్లు వాళ్లేనని భావిస్తారు. వీళ్లందరి వెనక ఒక గది. దాని పైకప్పు గూడుబండి గూడులా వంపు తిరిగి, గళ్లు గళ్లుగా లోపలికి పోతుంది. నిజానికి అక్కడ గదీ లేదు, పైకప్పూ లేదు. చదునైన గోడ.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు దాని ముందు ఒక అడుగు ఇటు, రెండడుగులు వెనక్కి, అలా జరుగుతూ చూశాను. ఒకచోటికి వచ్చేసరికి గోడ కాస్తా తెరుచుకున్నట్టయింది. పైకప్పు గళ్ల గీతలన్నీ కిందికి దిగుతూ వచ్చి, సిలువ మొదట్లో, నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు దగ్గరగా ఒక్క బిందువులో కలుస్తాయి. దాన్నే మనం క్లాసులో వానిషింగ్ పాయింట్ అంటాం. ఆ బిందువు దగ్గర మేకు కొట్టి, దారాలు కట్టి లాగి, ఆ గీతలను మసాచ్చో పచ్చి సున్నంలో దించాడు. పక్కనుంచి వెలుతురు పడితే ఆ గాట్లు ఇప్పటికీ కనపడతాయి. దాదాపు ఆరువందల ఏళ్ల కిందటి మనిషి దారం లాగిన గుర్తు అది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కంటి ఎత్తుకు కింద ఇంకో సంగతి ఉంది. ఒక రాతి పెట్టె, దాని మీద పడుకోబెట్టిన అస్థిపంజరం, పైన ఒక రాత. మీరిప్పుడు ఎలా ఉన్నారో నేనూ ఒకప్పుడు అలాగే ఉన్నాను, నేనిప్పుడు ఎలా ఉన్నానో మీరూ అలాగే అవుతారు అని దాని భావం. అంటే మీ కంటికి పైన సిలువ, కింద చావు, మధ్యలో మీరు. లెక్క ప్రకారం గీసిన గీతలే ఆ భక్తుణ్ణి అక్కడ నిలబెట్టాయి. ఈ బొమ్మ వేసిన మసాచ్చో మరుసటి ఏడాదే, 27 ఏళ్లు నిండకుండానే రోమ్‌లో చనిపోయాడు.

1570 ప్రాంతంలో చర్చిని మార్చి కట్టినప్పుడు దీని ముందు ఒక కొత్త పూజాపీఠం పెట్టేశారు. ఆ మార్పులు చేయించినది చిత్రకారుడు జార్జో వసారి, తన రాతల్లో ఇదే బొమ్మను మెచ్చుకున్న మనిషి. 1860 ప్రాంతంలో అది మళ్లీ బయటపడింది. అస్థిపంజరం మాత్రం 1950ల మొదట్లో గానీ దొరకలేదు. తర్వాత రెండింటినీ ఒకేచోట చేర్చారు.

ఈ పద్ధతి మసాచ్చో బుర్రలో ఒంటరిగా పుట్టలేదు. ఫిలిప్పో బ్రునెల్లెస్కి అని కంసాలి పని నేర్చుకుని తర్వాత కట్టడాలు కట్టినాయన ఒక ప్రయోగం చేశాడు. ఫ్లోరెన్స్ కెథెడ్రల్ (ఊరి ప్రధాన చర్చి) గుమ్మం లోపల నిలబడి, ఎదురుగా ఉన్న బాప్టిస్టరీని, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరాన్ని, ఒక చిన్న పలక మీద వేశాడు. పలకలో సరిగ్గా ఆ కంటి బిందువు దగ్గర కన్నం పెట్టాడు. బొమ్మవైపు మసూర్ పప్పు బద్దంత, వెనకవైపు కాస్త వెడల్పు. చూసేవాడు పలక వెనకనుంచి ఆ కన్నంలో కన్ను పెట్టి, ఇంకో చేత్తో ఎదురుగా అద్దం పట్టుకోవాలి. అద్దంలో బొమ్మ కనపడుతుంది. అద్దం తీసేస్తే అసలు భవనం కనపడుతుంది. రెండూ ఒకేలా ఉంటాయి. ఆకాశం ఉండాల్సిన చోట ఆయన రంగు వెయ్యలేదు, మెరుగు పెట్టిన వెండి అతికించాడు. అందులో నిజం మేఘాలు కదిలేవి! ఆ పలక ఇప్పుడు లేదు. ఆయన జీవితచరిత్ర రాసినవాడు చెప్పబట్టి మనకు తెలిసింది. తర్వాత 1435లో లియోన్ బత్తిస్తా అల్బెర్టి ఈ పద్ధతిని రాతలో పెట్టాడు. బొమ్మను తెరిచిన కిటికీతో పోల్చింది ఆయనే.

మా కాలేజీలో నేను దీన్ని చేయించి చూపించేదాన్ని. క్లాసురూమ్ కిటికీ అద్దం మీద స్కెచ్ పెన్‌తో, ఒక కన్ను మూసుకుని, గడ్డం కదలకుండా కర్ర మీద ఆనించి, బయటి వరండా గీయమనేదాన్ని. గీసిన అమ్మాయి తప్పుకున్నాక ఇంకో అబ్బాయి వచ్చి చూసేవాడు. "మేడమ్, ఇది నా ఎత్తుకు కుదరట్లేదు" అనేవాడు. అదే పాఠం. ఇలా ఒకచోటి నుంచి కంటికి కనపడినట్టే దగ్గర దూరాలు గీసే పద్ధతినే పర్‌స్పెక్టివ్ అంటాం. పర్‌స్పెక్టివ్ గీత అందరిదీ కాదు, అక్కడ నిలబడ్డ ఒక మనిషిది.

ఇక ఇటలీలోనే, అందులోనూ ఫ్లోరెన్స్‌లోనే ఎందుకు? 'గ్రీకు, రోమన్ గ్రంథాలు మళ్లీ చదివారు కాబట్టి' అని పరీక్ష గైడ్లలో ఉంటుంది. అది కారణాల్లో ఒకటి, అంతే. పాత రోమ్ శిథిలాలు, విగ్రహాలు కళ్లముందే ఉన్నాయి కాబట్టి చదివినదాన్ని చూసి సరిపోల్చుకోగలిగారు. దానికంటే ముందు డబ్బు సంగతి చూడాలి. ఫ్లోరెన్స్ ఉన్నిబట్టల వ్యాపారులు, బ్యాంకర్ల ఊరు. 1252 నుంచి అక్కడ ముద్రించిన బంగారు ఫ్లోరిన్ యూరప్ అంతా చెల్లేది. మెడిచీ కుటుంబం బ్యాంకు మొదలైంది 1397లో. ఊళ్లో వృత్తి సంఘాలకు ఒకదానితో ఒకటి పోటీ. కెథెడ్రల్ పని ఉన్ని సంఘం చేతిలో, బాప్టిస్టరీ పని విదేశీ బట్టల వ్యాపారుల సంఘం చేతిలో ఉండేవి.

1401లో ఆ బట్టల సంఘమే బాప్టిస్టరీకి కంచు తలుపులు చేయించడానికి పోటీ పెట్టింది. అబ్రహాము తన కొడుకును బలి ఇవ్వబోతున్న ఘట్టాన్ని కంచులో చేసి చూపించాలి. లొరెంజో గిబెర్టి గెలిచాడు. బ్రునెల్లెస్కి ఓడాడు. ఇద్దరి పలకలూ ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. గిబెర్టి దాదాపు మొత్తాన్ని ఒకే ముక్కగా పోతపోశాడు, కంచు తక్కువ పట్టింది. వ్యాపారులు ఆ లెక్క చూడకుండా ఉంటారా? ఓడిన బ్రునెల్లెస్కి శిల్పం పక్కన పెట్టి కట్టడాల వైపు వెళ్లాడు. 1420 నుంచి 1436 వరకు అదే ఊరి కెథెడ్రల్ గుమ్మటాన్ని, కింద నేల నుంచి కొయ్యదన్ను పెట్టకుండా, లోపల ఒకటి బయట ఒకటి రెండు పొరలుగా, ఇటుకలను చేపముల్లులా అల్లుకుంటూ లేపాడు.

ఇంకో కారణాన్ని మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆ వ్యాపారుల పిల్లలు చదివిన లెక్కల బడుల్లో నేర్పినవి మన అంకెలే. భారతదేశంలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా వెళ్లిన సున్నతో కూడిన పద్ధతి. పీసా ఊరివాడైన ఫిబొనాచీ దాన్ని 1202లో లాటిన్‌లో రాసి అక్కడ వ్యాప్తి చేశాడు. ఆ బడుల్లో త్రైరాశికం, నిష్పత్తులు, పీపా చూసి అందులో ఎంత సరుకు పడుతుందో కట్టే లెక్క, ఇవన్నీ నేర్పేవారు. అలా చదువుకున్న వ్యాపారి బొమ్మ ముందు నిలబడితే అందులోని కొలతలు అతనికి అర్థమవుతాయి. అలాగే కన్ను ఎలా చూస్తుంది, వెలుతురు ఎలా ప్రయాణిస్తుంది అన్న శాస్త్రం కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైథమ్ నుంచి వచ్చింది. తలుపుల పోటీ గెలిచిన గిబెర్టి ముసలితనంలో రాసిన పుస్తకంలో ఆయన సిద్ధాంతాలను వాడుకున్నాడు. కాబట్టి ఇదంతా యూరప్ ఒక్కటే తనంతట తాను సాధించిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

చాలామంది జవాబు పత్రాల్లో రాసే ఇంకో తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను. 'రినైజాన్స్‌లో మతాన్ని వదిలేసి మనిషిని వేశారు' అని రాస్తారు. అలా రాయకండి. ఆ కాలం బొమ్మల్లో అత్యధికం చర్చిల కోసం, పూజ కోసం వేసినవే. దేవుడి కథలు పోలేదు, ఆ కథల్లో ఉన్నవాళ్లకు బరువు వచ్చింది. పాడువా ఊళ్లో 1305 ప్రాంతంలోనే జొట్టో ఒక చిన్న ప్రార్థనామందిరం నిండా వేసిన బొమ్మలు చూడండి. చనిపోయిన క్రీస్తును ఒళ్లో పెట్టుకుని తల్లి ఆయన ముఖంలో ముఖం పెట్టి చూస్తోంది. ముందు ఇద్దరు ఆడవాళ్లు మనకు వీపు తిప్పి కూర్చున్నారు. వాళ్ల ముఖాలు కనపడవు. వంగిన వీపులతోనే ఏడుపు తెలుస్తుంది. పర్‌స్పెక్టివ్ లెక్కలు రావడానికి వందేళ్ల ముందే జొట్టో మనల్ని ఆ శవం చుట్టూ చేరిన జనంలో కూర్చోబెట్టేశాడు.

ఇప్పుడు పనితనం గురించి. వీళ్లను మేధావులు, మహానుభావులు అని ఊరికే పొగిడితే అసలు విషయం తప్పిపోతుంది. వీళ్లు మొదట పనివాళ్లు. పన్నెండు పదమూడేళ్లకే మేస్త్రి దగ్గర చేరేవారు. మైకెలాంజెలో 1488లో గిర్లాండాయో దగ్గర చేరినప్పుడు వయసు 13. రంగులు నూరడం, చెక్కకు పూత పెట్టడం, గుడ్డు పచ్చసొనలో రంగుపొడి కలపడం, ఇవీ చదువులు. ఫ్లోరెన్స్‌లో చిత్రకారులు ఏ సంఘంలో ఉండేవారో తెలుసా? వైద్యులు, మందులు అమ్మేవాళ్ల సంఘంలో. రంగుపొడులు దొరికేది మందుల దుకాణంలోనే మరి.

బొమ్మకు ఒప్పందం రాసుకునేవారు. 1485లో గిర్లాండాయో ఒక అనాథాశ్రమం చర్చికి బొమ్మ వెయ్యడానికి రాసుకున్న కాగితం ఇప్పటికీ ఉంది. మొత్తం 115 ఫ్లోరిన్లు. అందులో నీలం రంగు ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల రకం అయి ఉండాలని స్పష్టంగా రాశారు. ఆ నీలం లాపిస్ లజులీ రాయిని నూరి తీసేది. ఆ రాయి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చేది. అందుకే దాని పేరు అల్ట్రామెరైన్, సముద్రం అవతలిది అని అర్థం. మన అజంతా గోడల మీది నీలం కూడా లాపిస్ లజులీయే. మేరీమాత పైట ఎప్పుడూ నీలంగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా? అన్నిటికంటే ఖరీదైన రంగు అమ్మకే పెట్టారు.

గోడ మీద వేసే ఫ్రెస్కో మన తాపీ మేస్త్రీలకు ఇట్టే అర్థమవుతుంది. గోడకు ముందు గరుకు పూత వేస్తారు. దాని మీద ఆ రోజు ఎంత వెయ్యగలరో అంత మేరకే సన్నటి సున్నం పూత పెడతారు. అది పచ్చిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు వెయ్యాలి. సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని రాయిలా గట్టిపడుతుంది. రంగు అందులోనే చిక్కుకుపోతుంది. ఆరిపోయాక దిద్దడానికి లేదు, తప్పు వస్తే ఆ ముక్క గోకి మళ్లీ పూత పెట్టాల్సిందే. ఒక రోజు పనిని వాళ్లు 'జొర్నాతా' అంటారు. దగ్గర్నించి చూస్తే ఒక రోజు పూత ఎక్కడ ఆగిందో, మర్నాటిది ఎక్కడ మొదలైందో అతుకులు కనపడతాయి. ఒక ముఖానికే ఒక రోజు పట్టినచోట చిత్రకారుడు ఎక్కడ నిదానించాడో తెలిసిపోతుంది.

లియొనార్డోకు ఈ తొందర సరిపడలేదు. ఆయన ఒక గీత గీసి, గంటలు ఆలోచించి, మళ్లీ వచ్చి దిద్దే మనిషి. అందుకే మిలాన్‌లో 1495-98 మధ్య 'చివరి భోజనం' వేసినప్పుడు పచ్చి సున్నం వదిలేసి, ఆరిన గోడ మీద వేశాడు. ఆయన బతికుండగానే రంగు పెచ్చులు ఊడటం మొదలైంది. 1652లో సన్యాసులు భోజనశాల నుంచి వెళ్లడానికి అదే గోడలో తలుపు కొట్టేశారు, క్రీస్తు పాదాలు పోయాయి. 1943లో బాంబులు పడి భవనం చాలా భాగం కూలినా ఆ గోడ నిలిచింది. 1999లో ముగిసిన మరమ్మతుకు ఇరవై ఏళ్లు పైగా పట్టింది. మిగిలిందే కొంచెం, అయినా ఆ కొంచెం చూడ్డానికి జనం వరస కడతారు. 'మీలో ఒకడు నన్ను పట్టిస్తాడు' అన్న మాట పడగానే పన్నెండు మందిలో ఆ మాట ఎలా పాకిందో, ముగ్గురు ముగ్గురుగా వాళ్లు ఎలా కదిలారో చూడండి. ఆ గదిలోని గీతలన్నీ క్రీస్తు తల దగ్గరికే వెళ్లి ఆగుతాయి.

నూనెరంగుల సంగతి వేరు. అక్కడ ముందున్నది ఉత్తరాన ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) చిత్రకారులు. యాన్ వాన్ ఐక్ 1432లో పూర్తిచేసిన ఘెంట్ చర్చి బొమ్మల్లో అవిసెనూనెలో కలిపిన రంగును పల్చటి పొరలుగా వేసి, ముత్యం మీద మెరుపు, పట్టు మీద మడత పట్టుకున్నాడు. ఆ విద్య ఇటలీకి చేరాక వెనిస్‌లో బాగా పండింది. అక్కడి తేమకు, ఉప్పుగాలికి గోడబొమ్మలు నిలవవు. ఓడల తెరచాపలకు కావలసిన కాన్వాసు గుడ్డ మాత్రం ఊరినిండా దొరికేది. అలా కాన్వాసు మీద నూనెరంగు అక్కడ అలవాటైంది. బెల్లీని, టిషియన్ ఆ ఊళ్లో పనిచేసినవాళ్లే. ఈ రోజు ఏ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి అయినా స్టాండ్ మీద కాన్వాసు పెట్టుకున్నాడంటే ఆ అలవాటు వెనిస్ మీదుగా వచ్చిందే.

మైకెలాంజెలో గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క మాట. సిస్టీన్ చాపెల్ పైకప్పు (1508-12) పడుకుని వేశాడన్నది నిజం కాదు. నిలబడి, మెడ వెనక్కి వంచి వేశాడు. ఆ బాధ మీద ఆయనే ఒక పద్యం రాసుకున్నాడు, పక్కన బొమ్మ కూడా గీశాడు. రఫాయెల్ వేసిన 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్' దొరికితే పెద్ద సైజులో చూడండి. ప్లేటో, అరిస్టాటిల్ నడిచివస్తున్న ఆ మండపంలో తలపాగా చుట్టుకున్న ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ కూడా ఉన్నాడు.

ఆడవాళ్లు ఎక్కడ అని నా విద్యార్థినులు అడిగేవారు. అడగాల్సిన ప్రశ్నే. నగ్నంగా నిలబడ్డ మనిషిని చూసి బొమ్మ గీయడం వాళ్లకు కుదిరేది కాదు. అది లేకుండా పెద్ద చర్చి పనులు దొరకవు. సొఫొనిస్బా అంగ్విస్సోలా తన చెల్లెళ్లను, తనను తానే వేసుకుంటూ చెయ్యి తిప్పుకుంది. చెల్లెళ్లు చదరంగం ఆడుతున్న ఆమె బొమ్మ (1555) లో ఓడిపోతున్న పిల్ల చెయ్యెత్తడం, పక్కన చిట్టిచెల్లి నవ్వు, మన ఇంట్లో పిల్లల్ని చూసినట్టే ఉంటుంది. తర్వాత ఆమె స్పెయిన్ రాణికి బొమ్మలు నేర్పడానికి వెళ్లింది.

ఇక మన దాకా ఎలా వచ్చింది? కాగితం మీద వచ్చింది. రాగిరేకు మీద, కొయ్య మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలు చౌక, సంచిలో పడతాయి. రఫాయెల్ గోడబొమ్మలు చూడనివాళ్లు కూడా ఆ అచ్చుబొమ్మల్లో ఆయన్ను చూశారు. జర్మనీలో ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ ఈ పనిలో ఘనుడు. 1515లో గుజరాత్ సుల్తాను పోర్చుగీసులకిచ్చిన ఖడ్గమృగం ఓడలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడలేదు, ఎవరో పంపిన వర్ణన, చిత్తుబొమ్మ చూసి కొయ్య అచ్చు చేశాడు. ఒంటికి కవచం తొడిగినట్టు వేసిన ఆ మృగమే శతాబ్దాల పాటు యూరప్‌కు ఖడ్గమృగం. మన జంతువు అలా అటు వెళ్లింది. ఆయన బొమ్మలు తర్వాత ఇటు వచ్చాయి. 1580లో గోవా నుంచి జెసూయిట్ ఫాదర్లు ఫతేపూర్ సిక్రీకి వెళ్లి, అచ్చుబొమ్మలున్న ఎనిమిది సంపుటాల బైబిల్‌ను అక్బరుకు ఇచ్చారు. ఆస్థాన చిత్రకారులు అలాంటివి చూసి నేర్చుకున్నారు. 1600 నాటికి అబుల్ హసన్ అనే పదమూడేళ్ల కుర్రాడు డ్యూరర్ అచ్చుబొమ్మలోని యోహానును చూసి వేసిన బొమ్మ ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. చేతులు పెనవేసుకుని తలెత్తి చూస్తున్న ఆ యువకుడి ముఖంలో దుఃఖం అలాగే దిగింది. ఆ కుర్రాడే పెద్దయ్యాక జహంగీరు దగ్గర పేరుమోసిన చిత్రకారుడయ్యాడు.

ఒకటి గమనించండి. మొఘల్ చిత్రకారులు అన్నీ తీసుకోలేదు. వెలుగునీడలు తీసుకున్నారు, దూరంగా మసకబారే కొండలు తీసుకున్నారు. క్రైస్తవ సాధువుల తల వెనకుండే తేజోవలయం తీసుకొచ్చి చక్రవర్తి తల వెనక పెట్టారు. ఒక్క బిందువుకు కట్టుబడిన గీతలను మాత్రం చాలావరకు వద్దనుకున్నారు. రాకపోవడం వల్ల కాదు, అవసరం లేక. ఒకే పేజీలో కోట లోపల, బయట, మేడ మీద, వాకిట్లో జరిగేవన్నీ చూపించాలంటే ఒకచోట నిలబడితే కుదరదు. లేపాక్షిలో కూడా అంతే. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్‌లో 'అంతిమ తీర్పు' (1536-41) వేస్తున్న రోజులకు దగ్గరగా, మండపం పైకప్పు మీద వేసిన బొమ్మలు తలెత్తి నడుస్తూ చూడాల్సినవి. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్లు, చీరల అంచులు వరసగా సాగుతాయి. కథ మనతో నడుస్తుంది. దాన్ని పర్‌స్పెక్టివ్ తెలియని కాలం బొమ్మ అని ఎవరైనా రాస్తే నాకు బాధ కలుగుతుంది. అది వేరే చూపు.

రెండో రాక బ్రిటిష్ కాలంలో జరిగింది. ఫ్లోరెన్స్‌లో వసారి చొరవతో 1563లో మొదలైన చిత్రకళా అకాడమీ నమూనా పారిస్, లండన్ మీదుగా ఇక్కడి ఆర్ట్ స్కూళ్లకు చేరింది. మద్రాసు స్కూలు 1850లో, బొంబాయి జె.జె. స్కూలు 1857లో పెట్టారు. ప్లాస్టర్ విగ్రహాలు ముందు పెట్టుకుని నీడలు దిద్దడం అక్కడి పాఠం. రాజా రవివర్మ స్కూలుకు వెళ్లలేదు, తిరువాన్కూర్ ఆస్థానంలో నూనెరంగులు నేర్చుకున్నాడు. 1894లో బొంబాయి దగ్గర ఆయన పెట్టిన ప్రెస్ నుంచి లక్ష్మి, సరస్వతి ఇంటింటికీ వచ్చారు. మా అమ్మమ్మ దేవుడి గూట్లోని సరస్వతి పటం ఆ కోవలోదే. వీణ పట్టుకుని బండ మీద కూర్చుంటుంది, పక్కన నెమలి, వెనక నీళ్లు, దూరంగా పల్చబడే చెట్లు. వెలుతురు ఒక పక్కనుంచి పడుతుంది, చీర మడతల్లో నీడ ఉంటుంది. నాలుగు చేతులున్నా ఒంటికి బరువుంది, ఆ బండ ఆమెను నిజంగా మోస్తోంది. మసాచ్చో గోడ మీద మొదలైన పని మా దేవుడి గూటి దాకా వచ్చింది!

రాజమండ్రి దామెర్ల రామారావు గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలులో చదివాడు. అక్కడ పాశ్చాత్య శిక్షణ అంతా నేర్చుకుని, తిరిగొచ్చి దాన్ని అజంతా గీతతో కలిపి మన మనుషుల్ని, గోదావరిని వేశాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. మసాచ్చో కంటే ఒక్క ఏడాది ఎక్కువ బతికాడేమో. రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న గ్యాలరీకి వీలు చూసుకుని వెళ్లండి.

పరీక్ష గురించి టెన్షన్ పడకండి. పేర్లు, సంవత్సరాలు ఎలాగూ వచ్చేస్తాయి. వాటికంటే ముందు ఒక పని చెయ్యండి. 'ట్రినిటీ' బొమ్మను కాగితం మీద ప్రింట్ తీసుకుని, పైకప్పు గళ్ల గీతల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో కిందికి పొడిగించండి. నాలుగైదు గీతలు గీసేసరికి అన్నీ సిలువ మొదట్లో ఒకచోట ముడిపడతాయి. తర్వాత ఆ కాగితాన్ని గోడకు, ఆ ముడి సరిగ్గా మీ కంటి ఎత్తుకు వచ్చేలా అంటించి, కొంచెం వెనక్కి వెళ్లి నిలబడండి.